ఆవిడ పుచ్చుకోని తువ్వాలు

ఈ కబురు మొదట నా చెవిన వేసింది మా కోడలు. వన్ టౌన్‌లో బట్టల కొట్టున్న మా ఆడపడుచు మనవడు చక్రాల కుర్చీలో తిరిగే పిల్లాడు. వాడి తరగతి ఈ ఏడు మూడో అంతస్తుకి మారిందనీ, వేరే బడి చూసుకోమన్నారనీ, వాళ్ళమ్మ అర్జీ పెడితే విద్యాశాఖ ఆఫీసరమ్మ వచ్చి తరగతినే కిందికి దింపించిందనీ చెప్పి, ఆ ఆఫీసరమ్మకి ఓ మంచి చీర పట్టుకెళ్ళనా అని వాళ్ళమ్మ అడుగుతోందంది. ఆ మాట వినగానే నా మనసు పెడన దగ్గరి మా ఊరి బడి వరండాకి వెళ్ళిపోయింది.

ఊహ తెలియకముందే పోలియోతో నా రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. రోజూ బడికి మోసుకెళ్ళే తీరిక మగ్గాల ఇంట్లో ఎవరికుంటుంది? అందుకని మా మేనత్తే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కండెలకి నూలు చుడుతూ చదువు చెప్పింది. రాట్నం ఆగితే నాన్న కేకలేసేవాడు, ఎక్కం ఆగితే అత్తయ్య తొడపాశం పెట్టేది. రెండూ ఆగకుండా నడిచాయంటే ఆ దుర్గమ్మ దయే.

ఏడో తరగతి పరీక్షకి ప్రైవేటుగా కడితే, హాలు మేడమీదన్నారు. మేం మోసుకొచ్చి కూర్చోబెడతామన్నా, మెట్లమీద పడితే ఎవరిది పూచీ అని హెడ్మాస్టరుగారు వచ్చే ఏడు చూద్దాంలెమ్మన్నారు. చెడ్డాయన కాదు, భయస్తుడు. నాన్న తలూపి వచ్చేశాడు. వచ్చే ఏడంటే ఇక లేనట్టేనని నాకు తెలుసు, కంచం ముందు కూర్చుని ఏడ్చాను. అది చూసి అత్తయ్య, మగ్గం మీంచి కోసిన కొత్త తువ్వాలొకటి సంచిలో పెట్టుకుని బందరు బస్సెక్కింది. అక్కడి విద్యాశాఖ ఆఫీసులో ఉన్న బళ్ళ ఇన్‌స్పెక్టరమ్మ అంతా విని, నన్ను ఈ ఏడే పరీక్షకి కూర్చోబెట్టాలని అక్కడికక్కడే ఉత్తర్వు రాసిచ్చిందట. అత్తయ్య తువ్వాలు బల్లమీద పెడితే మడత విప్పకుండానే తిరిగి చేతిలో పెట్టి, “ఇది పుచ్చుకుంటే నేను మీకు సాయం చేసినట్టవుతుందండీ. మీ పిల్ల పరీక్ష రాయడం ఎవరి సాయమూ కాదు, దాని హక్కు” అందట. మన నేత నచ్చలేదు కాబోలని అత్తయ్య రెండ్రోజులు సణిగింది.

పరీక్షనాడు ఆవిడే వచ్చింది. బల్లలన్నీ పైనున్నాయని హెడ్మాస్టరుగారు నసుగుతుంటే, “పిల్ల పైకి రాలేకపోతే పరీక్షే కిందికొస్తుంది లెండి” అంది. పిల్లలంతా అట్టలు పట్టుకుని వరండాలోకి దిగారు. “మహారాణిగారి కొలువుకొచ్చామే” అని గొణిగిన పిల్లే, నా కలం ఆగిపోతే తన కలంలోంచి నాలుగు చుక్కల సిరా పోసింది. నా కింద రాయి చల్లగా ఉందని అత్తయ్య పరిచింది ఆ తువ్వాలే.

ఆ పరీక్ష ఆసరాతోనే తర్వాతి చదువులూ, పోస్టాఫీసు కొలువూ. ఇప్పుడు చక్రాల కుర్చీలొచ్చాయి, అర్జీలు ఫోన్లోనే వెళ్తున్నాయి. వేరే బడి చూసుకోండి అనే మాట మాత్రం ఇంకా గుమ్మం దగ్గరే కాచుకునుంది.

చీర వద్దని చెప్పమన్నాను. ఎందుకో కూడా కోడలికి చెప్పాను.

ఆ బందరు ఆఫీసరమ్మ పేరు మాకెవరికీ తెలియదు. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు మీరు కూడా ఆవిణ్ణొక్కసారి తలుచుకోండి. చేత్తో ఇస్తే పుచ్చుకోలేదు గానీ, మనసులో తలుచుకుంటే ఎలా తిప్పి పంపుతుంది?