సైకిలెక్కాలంటే నూట పది

మా ఇంట్లో నేను సైకిలెక్కాలంటే నా బీపీలో పై అంకె నూట పది ఉండాలి. ఈ నిబంధన డాక్టరుగారు పెట్టింది కాదు, మా ఆవిడ పెట్టింది. నాకు మామూలుగా ఉండేది తొంభై రెండు, మంచి రోజున తొంభై నాలుగు.

ఉద్యోగమంతా కాలవ లాకుల దగ్గరే గడిచింది. నీటిమట్టం చూసి రాయడం నా పని. రిటైరయ్యాక ఆ అలవాటు పోక, బీపీ చూసుకుని డైరీలో రాసుకుంటున్నాను. ఎండాకాలం కాలవలు కట్టేస్తే నీరు అడుగుకి దిగిపోతుంది. అందుకని కాలవని ఎవరూ తిట్టరు. నన్ను మాత్రం తిట్టారు, అదీ నా మేలు కోరి.

ఇదంతా పక్కవీధిలో ఒక గృహప్రవేశం భోజనాల దగ్గర మొదలైంది. కింద కూర్చుని తిని, విస్తరి ముందు నుంచి ఒక్కసారిగా లేచాను. కళ్ళు చీకట్లు కమ్మాయి. పట్టుకోవడానికి దొరికింది పులిహోర గుండిగ. తెలివొచ్చేసరికి మోచేతి దాకా అందులో ఉన్నాను. ఇంటాయన నా మీదికి వంగి, ఎంతో మర్యాదగా అడిగారు.

"కుడిచెయ్యా, ఎడంచెయ్యా అండీ?"

"ఎడమేనండి."

"హమ్మయ్య! ఎంగిలవ్వలేదండి!" అని ఆయన వెనక్కి తిరిగి కేకేశారు. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. నాది ఇంకా సగం దారిలో ఉంది.

అమలాపురం డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి, "జబ్బేం లేదండి, మీ ఒంటి తత్వమే అంత. మెల్లిగా లేవండి, నీళ్ళు బాగా తాగండి. సైకిలు తొక్కుకోవచ్చు," అన్నారు. నేను సంతోషంగా ఇంటికొచ్చాను. మా ఆవిడ అప్పటికే సైకిలుకి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

"డాక్టరుగారు తొక్కమన్నారు," అన్నాను.

"ఆయనకేం, అలాగే అంటారు. కాలవలో పడితే దిగి తీసేది ఆయనా? నూట పది చూపించండి, తాళం ఇస్తాను."

"నూట పదే ఎందుకు?"

"నాది నూట యాభై, మీది తొంభై. ఎక్కడో ఓచోట బేరం తెగాలి కదండీ."

నాకు సైకిలంటే పొద్దున్నే కాలవ గట్టు మీదుగా అంబాజీపేట వెళ్ళడం, కాఫీ హోటల్లో పాత లాకుల వాళ్ళతో కూర్చోవడం. ఆటోలో వెళ్ళచ్చు. కానీ ఆటోలోంచి నాకు కనపడేది ముందు వెళ్ళే కొబ్బరికాయల లారీ వెనకభాగమే, కాలవ కాదు. సైకిలు లేని రోజున డైరీలో రాయడానికి బీపీ తప్ప ఇంకేం ఉండేది కాదు. అదీ తక్కువే.

ఉప్పు మజ్జిగ తాగాను. ఊరగాయ తిన్నాను. ఉప్పు తగ్గించి తినాల్సిన మా ఆవిడ ఎదురుగా కూర్చుని, నేను తినే ప్రతి ముద్దనీ చూసేది. అంకె కదల్లేదు. అప్పుడు రంగంలోకి దిగాడు ఎదురింట్లో ఉండే మా బావమరిది. అతనికి బీపీ ఎక్కువ, సొంత మిషను ఉంది, ఒక సిద్ధాంతం కూడా ఉంది.

"కోపం వస్తే దానంతటదే ఎక్కుద్దండి బావగారూ. నాకు రోజూ ఎక్కుద్ది. మిమ్మల్ని నేను తిడతానుండండి."

నా చేతికి పట్టీ చుట్టి, గొంతు సవరించుకున్నాడు. "పెళ్ళిచూపుల రోజున మా నాన్నగారు మిమ్మల్ని చూసి, కుర్రాడు నిద్రపోతున్నాడేంట్రా అన్నారండి. మీరేమో కళ్ళు తెరుచుకునే కూర్చున్నారు!"

"నిజమే, బాగా చూశారాయన," అన్నాను. తొంభై మూడు.

అతను ఇంకా తిట్టాడు. నాది కదల్లేదు గాని, అతని చేతికి కట్టి చూస్తే నూట డెబ్బై. మా ఆవిడ భయపడి, "నువ్వు ఆపరా, ఆయన కోసం నువ్వు పోతావు," అని తమ్ముణ్ణి పడుకోబెట్టింది.

మర్నాడు పక్కింటి మాస్టారిని పిలిచారు. ఆదివారం చర్చి తప్పని మనిషి, ముప్ఫయ్యేళ్ళు బడిలో ఎవరినీ గద్దించని మనిషి. ఆయన చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు.

"తమరిని తిట్టమన్నారండి. నాకు అలవాటు లేదండి. వేరేగా అనుకోకండి."

"ఫర్వాలేదు, కానివ్వండి మాస్టారూ."

"తమరు... ఒట్టి పనికిమాలిన వారండి. ఆయ్." అనేసి ఆయన చెమట తుడుచుకున్నారు. "కొంచెం ఎక్కువన్నానా అండీ?"

పాపం అనిపించి కాఫీ తాగమన్నాను. తొంభై ఒకటి.

పట్టీ ఇంకా నా చేతికే ఉంది. బావమరిది మిషను మళ్ళీ నొక్కి, గుమ్మం దగ్గరున్న అక్కతో అంటున్నట్టుగా అన్నాడు. "ఇందాక పాత ఇనుం వాడొస్తే బావగారి సైకిలు ఇచ్చేసేనక్కా. ఎలాగూ తొక్కరు కదా."

మిషను గుర్రుమంది. నూట పద్దెనిమిది.

మాస్టారు చప్పట్లు కొట్టారు. మా ఆవిడ మాట తప్పే మనిషి కాదు. కొంగు ముడి విప్పి తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"సైకిలే లేనప్పుడు ఇది దేనికి?" అని అరిచాను.

"ఉందండీ బాబూ, వెనక పాకలోనే ఉంది. ఊరికే అన్నానండి!" అన్నాడు బావమరిది.

నేను చల్లబడ్డాను. మా ఆవిడ ముఖం మారింది. "ఏదీ, ఇంకోసారి నొక్కు," అంది. తొంభై నాలుగు. తాళంచెవి మళ్ళీ కొంగులోకి వెళ్ళింది.

అప్పుడు మాకందరికీ విషయం అర్థమైంది. సైకిలు లేకపోతేనే నేను సైకిలు తొక్కడానికి తగినవాణ్ణి.

"అమ్మేస్తే నిక్షేపంలా తొక్కుకోవచ్చక్కా," అన్నాడు బావమరిది.

"దేన్ని తొక్కుతార్రా?"

చివరికి మాస్టారే మెల్లిగా, "ఎక్కకుండా తోసుకుంటూ వెళ్తే దానికి బీపీ అక్కర్లేదు కదండీ," అన్నారు. మా ఆవిడ అన్ని వైపుల నుంచీ ఆలోచించి, ఎక్కనని నా చేత మాట తీసుకుని, ఒప్పుకుంది.

అప్పటి నుంచి రోజూ సైకిలు తోసుకుంటూ గట్టు మీద వెళ్తున్నాను. ఎదురొచ్చిన వాళ్ళు ఆగి, "పంచరా అండీ?" అంటారు. మొదట్లో బీపీ అండి అని చెప్పేవాణ్ణి. వాళ్ళు వంగి టైరు నొక్కి చూసి, తర్వాత నన్ను చూసేవారు. ఇప్పుడు ఆయ్, పంచరేనండి అంటున్నాను.

వంతెన దాటాక మా వీధి కనపడదు. అక్కడ ఒక కాలు పెడలు మీద పెట్టి, రెండో కాలితో నేల తన్నుకుంటూ కొంతదూరం పోతాను. నీళ్ళు నాతోపాటు వస్తుంటాయి. ఇది ఎక్కడం కిందికి వస్తుందా రాదా అన్నది నాకు తేలక, మొన్న అటే వస్తూ ఎదురుపడిన మాస్టారిని ఆపి అడిగాను.

ఆయన నన్నూ, నా కాలునూ, పెడలునూ చాలాసేపు చూశారు. తర్వాత కాలవ వైపు తిరిగి, "నేను చూళ్ళేదండి," అన్నారు.