బొబ్బిలి టౌన్ జట్టు

2018లో విజయనగరంలో కొత్త లాప్‌టాప్ కొన్నాక ముందు ఎక్కించింది ఆఫీసు ఫైళ్లు కాదు. డిగ్రీ రోజుల్లో బొబ్బిలిలో ఆడిన తుపాకుల ఆట. నా వయసు ఆడవాళ్లు పాత పాటలు వెతుక్కుంటారు. నేను దాన్ని వెతుక్కున్నాను.

అది నాకు నేర్పింది మా మేనమామ కొడుకు. బొబ్బిలిలో నెట్ సెంటర్ నడిపేవాడు. మా పల్లెకి తిరుగు బస్సు వచ్చేదాకా గంటన్నర అక్కడే కూర్చునేదాన్ని. మగపిల్లలు ముందు గదిలో, నేను అడ్డంగా కట్టిన ప్లైవుడ్ చెక్కకి ఇవతల. "కంప్యూటర్లన్నీ ఒకే వైరు మీద ఉన్నాయే, నువ్వు ఆడతన్నది ఆళ్లతోటే" అన్నాడు బావ. తెర మీద వాళ్ల పేర్లే కనబడేవి. నేను కాలిస్తే పడేవారు. ఒక్కోసారి సరిగ్గా అప్పుడే చెక్క అవతల ఎవడో "సచ్చిపోనాన్రా" అని అరిచేవాడు. ఇంకేం, నా కళ్లు నెత్తికెక్కాయి.

ఆటలో ఎవరెంతమందిని కాల్చారో చూపించే పట్టిక ఒకటుంటుంది. అందులో వాళ్లందరి పేర్ల పక్కనా బి, ఓ, టి అని మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉండేవి. నా పేరు పక్కన మాత్రం ఏదో అంకె. అదేటి బావా అని అడిగాను.

"బొబ్బిలి టౌన్. నువ్వు పల్లె నుంచొస్తన్నావు కదా, నీకెలాగొస్తాది?"

కాస్త చిన్నబుచ్చుకున్నాను కానీ నమ్మాను. టౌను కుర్రాళ్లని పడగొట్టడం కన్నా పల్లెటూరి పిల్లకి కావలసిందేముంది? వీధిలో ఎదురుపడితే "ఛాంపియన్ వస్తన్నాదిరోయ్" అని పక్కకి తప్పుకునేవారు. నేను తలెత్తుకుని నడిచేదాన్ని. తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో బల్ల అవతల ఐదుగురు మగవాళ్లు కూర్చుంటే, మీలాంటి వాళ్లని రోజుకి పదిమందిని పడగొట్టానులే అనుకున్నాను. అడిగినవన్నీ గడగడా చెప్పేశాను.

కొత్త తెర వెడల్పెక్కువై ఆటలో మనుషులు పొట్టిగా, లావుగా సాగిపోయారు. మౌస్ ముట్టుకుంటే చాలు, లోకం గిర్రున తిరిగిపోతోంది. ఇంటర్నెట్‌లో ఆడేవాళ్లెవరూ దొరకలేదు. మనుషులు లేకపోతే కంప్యూటరే ఆడేలా పెట్టుకోవచ్చని ఉంటే, పదిమందిని పెట్టుకుని పట్టిక తెరిచాను. ఏవో ఇంగ్లీషు పేర్లు. పక్కన అవే మూడు అక్షరాలు.

ముందు నవ్వొచ్చింది, బొబ్బిలి వాళ్లు ఇక్కడికెలా వచ్చార్రా అని. అంతలో ఒకడు నిచ్చెన దగ్గర గోడకి ముఖం ఆనించి నిలబడిపోయాడు. వాణ్ణి నేనెరుగుదును. అక్కడే, అలాగే నిలబడే కుర్రాణ్ణి ఏడాదంతా మొద్దు వెధవ అని తిట్టుకున్నాను. ఆ మూడు అక్షరాలూ కలిపితే బాట్ అని, కంప్యూటర్ ఆడించే బొమ్మల్ని అలా అంటారని అప్పుడు వెతికి తెలుసుకున్నాను. ఒళ్లు మండిపోయింది.

ఫోన్ చేస్తే బావ ముందు పడీపడీ నవ్వాడు.

"ఇంకా గుర్తెట్టుకున్నావేటే? ఆడపిల్లతోటి ఆడం అన్నారే ఆళ్లు. ఆళ్ల ఆట ఆళ్లు ఏరేగా ఆడుకునీవోరు. నువ్వు బాధపడతావని బొమ్మలకి ఆళ్ల పేర్లు ఎట్టేసినాను."

"ఆళ్లకి తెలుసా?"

"తెలుసు."

ఛాంపియన్ అన్నది అందుకన్నమాట. చెవిలో పువ్వు పెట్టించుకుని బొబ్బిలంతా ఊరేగాను. ఆడం అన్నారని ఆరోజే చెప్పుంటే పోట్లాడేదాన్ని, లేదా ఆడి ఓడిపోయేదాన్ని. అయినవాడే ఇంత మోసం చేశాడు. నాకు ఓడిపోయే వీలు కూడా లేకుండా చేశాడు.

చివరికి ఒకటే అడిగాను. "మనిసన్నోణ్ణి ఒక్కణ్ణైనా కాల్సినానా బావా?"

బావ ఈసారి నవ్వలేదు.

"ఒకపాలి కాల్సినావు. నన్నే. ఆ రోజు ఒక బొమ్మని తీసేసి నాను కూకున్నాను. నువ్వు గురి సూస్తంటే కదలకుండా నిలబడిపోనాను."

అప్పటిదాకా ఉన్నది కోపమే. ఆ మాటకి ఏడుపొచ్చింది. ఫోన్ పెట్టేశాను.