పాపయ్య చేతి మీద కోడి

బెంగళూరు చిక్కపేటలో కంబళ్ళ అంగడి పెట్టుకున్న పాపయ్య, తాను ముందు వాడి చూడనిదే దేన్నీ మరొకరికి మంచిదని చెప్పేవాడు కాదు. ఈ మాట లోకంలో చాలామంది అంటారు. పాపయ్య చేసి చూపేవాడు.

ఆయన అంగడికి ఆనుకొనే దారాలూ గుండీలూ అమ్మే మా అంగడి. నగర్తపేటలో ఇళ్ళు కూడా పక్కపక్కనే. అందువల్ల ఆయన చేసిన పరీక్షలన్నీ సావిత్రమ్మకు, అంటే ఆయన భార్యకు, ఆమె తరువాత నాకూ తెలుసు.

మా వీధి నంజమ్మ ఒకసారి మంచి గొడుగు ఎక్కడ దొరుకుతుందని అడిగింది. పాపయ్య ఒక గొడుగు తెచ్చి, వాన కోసం కాచుకొని, అది రాకపోయేసరికి వీధి కొళాయి కింద గొడుగు పట్టుకొని కూర్చున్నాడు. నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళందరూ బిందెలు పట్టుకొని నిలబడ్డారు. తలంతా తడిసి లేచి, "కారతాది నంజమ్మా, వద్దు" అన్నాడు.

బైరప్పకు కొత్తగా పెళ్ళయింది. బాడుగ ఇల్లు చూడటానికి పాపయ్యను తోడు తీసుకుపోయాడు. పాపయ్య ఆ ఇంట్లో చాప పరుచుకొని సాయంత్రం దాకా గుర్రుపెట్టి నిద్రపోయాడు. లేచి, వీపు గోడకు రుద్దుకుంటూ, "నల్లులుండాయప్పా. కొత్త పెండ్లోళ్ళకి పనికిరాదు" అని తేల్చాడు.

కమలమ్మ కూతురి పెళ్ళి చీర సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ చీర తానే కట్టుకొని, అంత మీసంతో, చిక్కపేట వీధిలో అటు కొసకూ ఇటు కొసకూ నడిచాడు. "కుచ్చిళ్ళు బాగా నిలస్తాయి కానీ, జరీ నడుముకాడ గీరతాది" అన్నాడు. తోపుడుబళ్ళు లాగే కూలీలు బళ్ళు ఆపి మరీ చూశారు.

ఓబళప్ప తండ్రి పోయినప్పుడు వాకిట్లో పాడె కడుతుంటే పాపయ్య కళ్ళలో మళ్ళీ ఆ పరీక్ష చూపే కనబడింది. సావిత్రమ్మ గబగబా వచ్చి ఆయన కండువా పట్టుకుంది. "దీన్ని చూసే పని లేదు. ఇంటికి రాండి" అని లాక్కుపోయింది.

ఇలాంటి మనిషి దగ్గరికి వచ్చి పడ్డాడు డంకన్.

అవి యుద్ధం రోజులు. బెంగళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, ఎటు చూసినా తెల్ల సిపాయిలే. ఒక చలికాలం ఆదివారం పూట పొడుగాటి సిపాయి ఒకడు, ఎర్రజుట్టువాడు, కంబళి కోసం పాపయ్య అంగడి మెట్లెక్కాడు. పాపయ్య ఒక కంబళి తీసి, తల నిండా కప్పుకొని, అరుగు మీద పడుకున్నాడు. సిపాయి నా వైపు చూశాడు. నేను మిడిల్ స్కూలు దాకా చదివిన ఇంగ్లీషుతో, "ప్లీజ్ వెయిట్. టెస్టింగ్" అన్నాను. కాసేపటికి కంబళి లోపలి నుంచి మాట వచ్చింది: "వద్దు, ఇది మెడకాడ గుచ్చతాది. ఆ పై దాన్ని తియ్యి."

సిపాయి మెట్ల మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆ తరువాత ప్రతి ఆదివారం ఆ మెట్ల మీదే ఉండేవాడు. పేరు డంకన్, ఊరు స్కాట్లండులో సముద్రం ఒడ్డున. పాపయ్య నోట్లో ఆ పేరు డంకణ్ణ అయింది.

ఒక ఆదివారం డంకన్ వచ్చాడు కానీ నవ్వలేదు. అడగ్గా అడగ్గా నాతో చెప్పాడు. వాళ్ళ నాన్న చేపలు పట్టేవాడట. తుఫానులో పడవతో సహా పోయాడని ఇంటి నుంచి కబురు వచ్చింది. ఇంటికి పోవడానికి సెలవు లేదు. తొందరలోనే పటాలం బర్మా వైపు కదులుతుంది. నాన్న ఫోటో ఒక్కటి కూడా లేదు. ఆ పడవను చేతి మీద పచ్చబొట్టుగా పొడిపించుకోవాలని అతని కోరిక. వాళ్ళ ఊరి రేవులో అయితే గొప్ప పనివాడు ఉన్నాడు. ఈ పరాయి దేశంలో ఎవరిని నమ్మాలి? తోటి సిపాయి ఒకడు దండులో వాళ్ళ అమ్మ ముఖం పొడిపించుకుంటే మీసాలు వచ్చాయట.

నేను తెలుగులో చెప్పి ముగించేసరికి పాపయ్య చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"యాడికి పాపయ్యన్నా?"

"చూడల్ల కదప్పా."

"ఏమిటి చూసేది?"

"ఎవురు బాగా పొడస్తారో. దా, నువ్వూ దా."

మొదట దండులో పెద్ద బోర్డు పెట్టుకున్న ఒకాయన దగ్గరికి పోయాం. పాపయ్య చొక్కా చెయ్యి పైకి మడిచి, "నెమలి వెయ్యప్పా" అని కూర్చొని, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నా చెయ్యి ఎందుకన్నా?"

"నీకు భయమౌతాదేమో అని."

సూది ఆడినంత సేపూ కళ్ళు మూసుకొని, "మాట్లాడతా ఉండు, వెంకటేశప్పా, ఏదో ఒకటి మాట్లాడతా ఉండు" అన్నాడు. నేను దారం ధరలు చెబుతూ పోయాను. చివరికి కళ్ళు తెరిచి చూస్తే చేతి మీద కోడి. ఇంకొంచెం సేపట్లో గుడ్డు పెట్టబోతున్న కోడి.

"ఈయన వద్దు" అన్నాడు పాపయ్య.

ఆ పై వారం సంతలో ఇంకొకతన్ని పట్టుకున్నాం. అతను తేలు వేస్తానని మొదలుపెట్టి రొయ్య దగ్గర ఆగాడు. మూడో ఆయన పొద్దున్నే తాగి ఉన్నాడని మాకు తెలియదు. "బొమ్మలు వద్దు, రామ అని పేరు రాయి చాలు" అంటే, తిరగేసి "మరా" అని రాశాడు. నాకు కోపం వచ్చి కేకలు వేయబోతే పాపయ్యే ఆపాడు.

"పోనీలేప్పా. వాల్మీకి కూడా అట్లే కదా మొదలుపెట్టింది."

చిక్కపేటంతా ఆ చెయ్యి చూడటానికి వచ్చింది. కోడి ధర ఎంతని అడిగేవాళ్ళు, రొయ్య తాజాదేనా అని అడిగేవాళ్ళు. పాపయ్యకు ఇదొక సరదా అని మేమంతా అనుకున్నాం. డంకన్ మాత్రం ఆ చెయ్యి చూసి తల పట్టుకున్నాడు. వద్దు, ఇక వెతకొద్దు అని బతిమాలాడు.

"ఊరుకో డంకణ్ణా, ఇంకా ఈ చెయ్యి ఉండాది" అని పాపయ్య రెండో చెయ్యి చూపించాడు.

కానీ పటాలం కదిలే రోజు దగ్గరపడుతోంది. ఆ సమయంలో ఒక పొద్దున మా వీధికి కూరగాయలు తెచ్చే అంజినమ్మ తక్కెడ ఎత్తి వంకాయలు తూస్తుంటే, పాపయ్య వంకాయలు వదిలేసి ఆమె ముంజేయి చూస్తూ నిలబడిపోయాడు. నేనూ చూశాను. మణికట్టు నుంచి మోచేతి దాకా ఒక తీగ. తక్కెడ పైకి లేచినప్పుడల్లా ఆ తీగ సాగి, దించినప్పుడల్లా చుట్టుకుంటోంది. గాలి తగిలినట్టే ఉంది.

"ఎవురు పొడిచినారమ్మా ఇది?"

"మా బెళ్ళందూరు మారెమ్మ. కానీ దాని నోటికి మీరు తట్టుకోలేరప్పా."

ఆ ఆదివారమే జట్కా కట్టించుకొని ముగ్గురం బెళ్ళందూరు పోయాం. చెరువు గట్టు దిగువన చిన్న ఇల్లు. వాకిట్లో రాగులు చెరుగుతున్న ముసలమ్మ చేట ఆపకుండానే మమ్మల్ని చూసింది.

"ఎవురప్పా మీరు? తెల్లోణ్ణి కూడా తోలుకొచ్చినారే!"

"పచ్చ పొడిపించుకొనేకి వచ్చినాము తల్లీ. ఈ పిల్లోడికి పడవ కావల్ల. దానికి ముందు నా చేతి మీద ఒకటి వెయ్యి. నేను చూస్తాను."

చేట ఆగింది. "నువ్వు చూస్తావా? మారెమ్మ పని నువ్వు చూస్తావా?" అని లేచి వచ్చి పాపయ్య చొక్కా పైకి లాగింది. "అయ్యయ్యో! ఎవురప్పా ఈ చేతి మీద కోళ్ళ సంత పెట్టినోళ్ళు?"

"నెమలి, తల్లీ, అది."

"ఇది నెమలా! దీన్ని చూస్తే నెమిళ్ళు చెరువులో పడి చస్తాయి. కూర్చో."

దీపపు మసి, ఏదో ఆకు పసరు కలిపిన చిప్ప తెచ్చుకుంది. కలిపి కట్టిన సూదులు తీసింది. పాపయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఏదో పాట గొణుగుతూ పొడవడం మొదలుపెట్టింది. నేను దారం ధరలు చెప్పడం మధ్యలోనే మరిచిపోయాను. నా కళ్ళ ముందే కోడి మెడ సాగింది. తల మీద కుచ్చు లేచింది. గుడ్డు పెట్టబోతున్న ఆ వెనక భాగం మెల్లగా విచ్చుకొని, ఒక్కొక్క కన్నే తెరుస్తూ, పురి అయింది. చెడిపోయిన గీత ఒక్కటి కూడా ఆమె వదల్లేదు. అన్నింటినీ ఈకలు చేసేసింది.

పాపయ్య చాలాసేపు ఆ చెయ్యి చూసుకున్నాడు. తరువాత డంకన్ వైపు తిరిగి మెల్లగా అన్నాడు: "కూర్చో డంకణ్ణా. ఈయమ్మే."

మారెమ్మ బొగ్గుతో గచ్చు మీద పడవ గీసింది. చెరువులో తిరిగే గుండ్రటి బుట్టదోనె అది. డంకన్ అది చూసి, కబురు వచ్చిన తరువాత మొదటిసారి నవ్వాడు. వాళ్ళ నాన్న బుట్టలో కూర్చొని సముద్రం మీదికి పోలేదని నాతో చెప్పించాడు.

"నేనేం సముద్రం చూసినానా?" అని ఆమె కసురుకుంది. "సరే, పడవ సంగతి వదులు. మీ నాయన దాంట్లో యెట్లా నిలబడతాడు? అది చూపించమను."

నేను చెప్పాను. డంకన్ లేచి కళ్ళు మూసుకున్నాడు. ఒక కాలు ముందుకు వేశాడు. ఒక చెయ్యి వెనక్కి పోయి, లేని చుక్కాని పట్టుకుంది. ఎడమ భుజం కొంచెం వాలింది. గాలి ఎక్కువైనట్టు మోకాళ్ళు వంగాయి. ఆ వాకిట్లో అలా ఎంతసేపు ఊగాడో. మారెమ్మ రెప్ప వెయ్యకుండా చూసింది. తెరచాప గురించి అడిగింది. దానికి అతుకు ఉందా అంది. ఉంది, మా అమ్మ కుట్టింది అన్నాడు.

"ఇంక చాలు. రమ్మను."

పొడవడానికి ముందు అతని పిడికిలి బిగించమంది, వదలమంది. మళ్ళీ బిగించమంది. చర్మం కింద కండ ఎక్కడ లేస్తుందో వేలితో తడిమి చూసుకొని, అక్కడ అల వేసింది. ఆ అల మీద పడవ, పడవ మీద అతుకు తెరచాప, వెనక చుక్కంత మనిషి, ఎడమ భుజం కొంచెం వాలి. పొద్దు చెరువు వైపు దిగేదాకా పని సాగింది. జట్కావాడు లోపలికి వచ్చాడు. పక్కిళ్ళ ఆడవాళ్ళు వచ్చారు.

ఆమె పసుపు పూసి, "ఇప్పుడు పిడికిలి బిగించప్పా" అంది.

డంకన్ బిగించాడు. అల లేచింది. పడవ దాని మీదికెక్కింది. వదిలాడు. పడవ మెల్లగా దిగి, ఊగి, నిలబడింది. అందులో చుక్కంత మనిషి పడిపోలేదు.

సముద్రం చూడని ముసలమ్మ, సముద్రం చూడని మా అందరి మధ్య, సముద్రాన్ని తెచ్చి ఒక చేతి మీద పెట్టింది. పాపయ్య రెండు చేతులూ జోడించాడు. డంకన్ ఈ దేశంలో ఎక్కడ చూసి నేర్చుకున్నాడో, వంగి ఆమె పాదాలు తాకాడు.

"లే, లే! పసుపు ఆరకముందే చెయ్యి ఆడిస్తావేమిరా" అని మారెమ్మ అతని నెత్తిన ఒక్కటి తగిలించింది.

పటాలం వెళ్ళిపోయింది. ఎన్నో నెలలు ఏ కబురూ లేదు. తరువాత ఒకరోజు చేతికి కట్టుతో ఒక సిపాయి వెతుక్కుంటూ వచ్చి, పడవ పొడిచే అమ్మ ఎక్కడని అడిగాడు. డంకన్ కాలికి గాయమై ఆసుపత్రిలో ఉన్నాడట, ప్రాణానికి భయం లేదట. మంచాల మధ్య కుంటుతూ తిరిగి అందరికీ పిడికిలి బిగించి చూపిస్తున్నాడట. నేను ఆ మాట తెలుగులో చెప్పగానే పాపయ్య అంగడి మూసి అందరికీ కాఫీ పోయించాడు.

ఆ ఏడే నగర్తపేటలో ప్లేగు సూదులు వేయడానికి మనుషులు వచ్చారు. వీధంతా వరుసలో నిలబడింది, పాపయ్య తప్ప. వెతుక్కుంటూ ఇంటికి పోతే సావిత్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అటక వైపు చూపించింది. పైన ఖాళీ గోనెల వెనక నుంచి రెండు కాళ్ళు కనబడుతున్నాయి.

"ఏమక్కా ఇది?"

"సూదంటే ఆయనకి ప్రాణం పోతాది వెంకటేశప్పా. చిన్నప్పటి నుంచీ అంతే. నేను గుండీ కుడతా ఉంటే కూడా అవతలికి పోతాడు."

"మరి ఆ నెమలీ, ఆ రొయ్యా..."

"అన్ని సార్లూ ఇంటికొచ్చి జ్వరంతో పడుకొన్నాడు. ఎవురికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించినాడు. ఇంక నావల్ల కాదప్పా."

నేను నిచ్చెన ఎక్కాను. గోనెల మధ్య ముడుచుకొని కూర్చున్న పాపయ్య నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

"అంత భయం పెట్టుకొని ఎందుకన్నా వేయించుకున్నావు?"

గోనె అంచు పీకుతూ అన్నాడు: "ఊరు కాని ఊరు వచ్చినోడు. చెయ్యి చెడిపోతే ఆ పిల్లోడు ఎవురికి చెప్పుకొంటాడప్పా? నాదైతే ఏముండాది? చూసి నగేదానికి చిక్కపేటంతా ఉండాది, తిట్టేదానికి సావిత్రి ఉండాది."

కింది నుంచి సావిత్రమ్మ, "దిగండి. నేను పట్టుకొంటా" అంది.

దిగాడు. వీధిలోకి వచ్చాడు. సావిత్రమ్మ అందరి ముందూ సిగ్గుపడకుండా ఒక అరచేత్తో ఆయన కళ్ళు మూసి, రెండో చేత్తో ఆయన చెయ్యి పట్టుకుంది. సూది దిగినప్పుడు పాపయ్య పెట్టిన కేకకు పావురాలు లేచిపోయాయి. వరుసలో వెనకనున్న పిల్లలంతా ఒక్కసారిగా ఏడుపు అందుకున్నారు.

అది వినగానే పాపయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. వరుస పొడుగునా నడుస్తూ, ఒక్కొక్క పిల్ల ముందూ వంగి, ఇంకా వణుకుతున్న గొంతుతో చెప్పుకుంటూ పోయాడు:

"చీమ కుట్టినట్టే ఉంటాదమ్మా. నేను చూసినా కదా, ఏం కాదు."