కర్నూలు నుంచి కడపకు అరగంటేనట!

పొద్దున పదింటికి హైదరాబాద్ నుంచి మా మేనేజర్ ఫోన్ చేశాడు. కడప డీలర్ పన్నెండింటికి డ్రిప్ పైపుల ఆర్డర్ ఖాయం చేస్తాడట, నేను దగ్గరుండాలట. కర్నూల్లో ఉన్నాను సార్, బస్సుకు నాలుగు గంటల పైనే పడుతుందన్నాను.

“నెట్‌లో చూశానయ్యా, విమానంలో అరగంటే. రెండు ఊళ్లకూ ఎయిర్‌పోర్టులున్నాయి కదా!”

“ఉన్నాయి సార్. ఈ ఊరి నుంచి ఆ ఊరికి విమానమే లేదు. నెట్‌లో వాళ్లు మ్యాప్ మీద గీత గీసి లెక్కేశారు.”

“ముందు నువ్వు బయల్దేరు” అని పెట్టేశాడు.

బయల్దేరాను. ఆళ్లగడ్డ దాటాక బస్సు సిమెంటు లారీల వెనక ఇరుక్కుంది. ఒంటిగంటకు ఆయన మళ్లీ ఫోన్ చేసి, “విమానం ఇంకా దిగలేదా?” అని అరిచాడు. ఆ అరుపు విని పక్క సీటు పెద్దాయన నవ్వాడు.

“ఏమప్పా, మీ సారు నిన్ను కాకి మాదిరి ఎగిరి రమ్మంటాండాడా?”

మూడింటికి నేను చేరేసరికి డీలర్ ఆర్డర్‌ను ఇంకో కంపెనీకి ఇచ్చేశాడు. ఈ నెల నా టార్గెట్ అంతా దాని మీదే ఉండింది. ఆ సంగతి చెబితే మా సారు నిట్టూర్చి, “సరే, తిరుగు ప్రయాణానికైనా విమానం ఎక్కు” అన్నాడు.

తిరుగు బస్సులో కూర్చుని ఇది రాస్తున్నాను. ఇలాంటి సారు మీకూ ఉన్నాడా, నా ఒక్కడికే దొరికాడా?