తెలుగుకి ఒక బటన్

2002వ సంవత్సరం. పుదుచ్చేరికి పడమటి వైపున్న మూలకుళంలో నాకొక చిన్న టీవీ రిపేరు షాపు ఉండేది. షాపంటే ఒక బల్ల, ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక మీటరు, గోడ పొడుగునా వెనక మూత ఊడదీసిన సెట్లు. అప్పటికి ఇంటింటికీ కలర్ టీవీ, కేబుల్ వైరు వచ్చేశాయి. అంతకు ముందు ఎన్నో ఏళ్ళు మేడలెక్కి ఏరియల్ తిప్పి బతికినవాణ్ణి. ఆ పని పోయింది. మోకాళ్ళకి మంచిదే.

ఆ ఏరియల్ రోజుల టీవీ మంచిదా, ఇప్పటిది మంచిదా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. బొమ్మ ఇప్పటిదే మంచిది. అందులో తగువు లేదు. అప్పట్లో గాలి గట్టిగా వీస్తే బొమ్మ పోయి, పేలాలు వేగుతున్నట్టు చుక్కలే మిగిలేవి. ఆ చుక్కలకి అప్పుడు విసుక్కున్నవాళ్ళే ఇప్పుడు ఆ రోజులే బంగారం అంటున్నారు. నేను అనను. అయితే టీవీ గురించి నాకు తెలిసినదాంట్లో సగం మీటరు పట్టుకుని నేర్చుకున్నది కాదు. కుప్పమ్మ పెద్దమ్మ ఇంట్లో నేర్చుకున్నది.

పెద్దమ్మ అంటే రక్తసంబంధం లేదు. మా పక్క వీధి. మాలాగే తరతరాల కిందట ఇటు వచ్చి ఉండిపోయిన తెలుగు కుటుంబం. కొడుకు శేఖర్ మిల్లులో పని. కోడలు సెల్వి కడలూరు వైపు తమిళ పిల్ల. పెద్దమ్మ మొగుడు, పెద్దాయన, అంతకు ముందు ఏడు పోయాడు. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడుకున్నది ఆ ముసలి మొగుడూ పెళ్ళాలే. శేఖర్‌కి అర్థమవుతుంది గాని, తల్లి తెలుగులో అడిగితే వాడు తమిళంలో బదులిస్తాడు. మా ఇళ్ళల్లో చాలావాటిలో ఇదే వరస.

ఒక ఆదివారం శేఖర్ వచ్చి, కేబుల్లో తెలుగు ఛానల్ కొత్తగా వస్తోందట, అమ్మ పెట్టమని పోరుతోంది, రమ్మన్నాడు. వెళ్ళాను.

వాళ్ళది పాత మోడల్ కలర్ సెట్. ముందు వైపు చిన్న మూత తెరిస్తే లోపల పన్నెండు బుల్లి చక్రాలుంటాయి. వాటిని ప్రీసెట్లు అంటాం. వైర్లో ఎన్ని ఛానళ్ళు వస్తున్నా సరే, ఒక్కో చక్రం తిప్పి ఒక్కో ఛానల్‌ని పట్టి నిలబెట్టాలి. పట్టింది ఆ నంబరు బటన్ కింద ఉండిపోతుంది. పదమూడో ఛానల్ కావాలంటే ఉన్నవాటిలో ఒకటి పోవాలి. కొత్త సెట్లలో వందకి చోటుంటుంది కాబట్టి ఆ ఇళ్ళల్లో ఈ పంచాయతీ ఉండదు. ఇక్కడ ఉంది.

"వార్తలు తీయొద్దన్నా. క్రికెట్ తీయొద్దు," అన్నాడు శేఖర్.

"మరి ఏది తీసేది రా, నీ తలకాయా?"

"బొమ్మల ఛానల్ తీస్తే మా పిల్లోడు ఇల్లు పీకి పందిరేస్తాడు."

"దేవుడి ఛానల్ తీసెయ్ గోవిందూ," అన్నది పెద్దమ్మ. "దేవుడు నాతో తగువుకి రాడు."

"అమ్మా, అది నీకోసం పెట్టిందే గదా!"

"నాకోసం పెట్టిందైతే నేను తీసేస్తా. నీకేంది?"

నేను చక్రాలు తిప్పే ప్లాస్టిక్ పుల్ల చేత్తో పట్టుకుని వీళ్ళ మొహాలు చూస్తూ కూర్చున్నాను. వంటింటి గుమ్మంలో నిలబడ్డ సెల్వి తమిళంలో అన్నది, "ఏడో నంబరు తీసెయ్యండణ్ణా." ఏడో నంబరు సినిమా పాటల ఛానల్. వంట చేసినంతసేపూ అది మోగుతూనే ఉండాలి ఆ పిల్లకి. ఆ ఇంట్లో ఆమె కోసమని పెట్టుకున్నది అదొక్కటే. పెద్దమ్మ కోడలి వైపు చూసింది. తర్వాత నాతో మెల్లగా అన్నది.

"మీ పెదనాయన పోయినాక ఈ ఇంట్లో నా మాటకి బదులు చెప్పే గొంతు లేదు నాయినా. పెట్టెలో అన్నా మన మాట వినబడనీ."

ఏడో చక్రం తిప్పడం మొదలుపెట్టాను. ఛానల్ దొరికాక కూడా అటూ ఇటూ తిప్పుతుంటే ఆమెకి ఓపిక పట్టలేదు.

"ఏంది రా అంతసేపు?"

"బొమ్మకీ మాటకీ వెంట్రుకవాసి తేడా ఉంటాది పెద్దమ్మా. బొమ్మ మీద నిలబెడితే మాట గరగరా అంటాది. మాట మీద నిలబెడితే బొమ్మ చెదురుతాది. నడిమధ్యన పట్టాల."

దీన్నే ఫైన్ ట్యూనింగ్ అంటాం. పాత సెట్లలో చెయ్యి అలవాటు మీద పోయే పని. చివరికి పట్టింది. తెరమీద ఒకామె ఎవరినో నిలదీస్తూ తెలుగులో అరుస్తోంది. పెద్దమ్మ రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది. "మన మాట!" అని సెల్వి వైపు తిరిగి గొప్పగా చెప్పింది.

కొన్ని వారాల తర్వాత పూలమ్మే ఆమెతో కబురు వచ్చింది. మధ్యాహ్నం పూట రావాలట, సెల్వి ఇంట్లో లేనప్పుడు. ఇదేం దొంగతనమో అనుకుంటూ వెళ్ళాను.

"తలుపు దగ్గరగా వెయ్. నువ్వు సరిగా పట్టలే రా టీవీ," అన్నది పెద్దమ్మ.

"బొమ్మ అద్దం మాదిరి ఉండాదే!"

"బొమ్మ సరే. మాటే తప్పు. వెంట్రుకవాసి పక్కకి పోయినాది, నువ్వే చెప్పినావు గదా. కొంచెం ఇటు తిప్పు. మన మాట వచ్చేస్తాది."

నేను చెవి దగ్గర పెట్టి విన్నాను. గరగర లేదు, బరబర లేదు. స్పీకరు శుభ్రంగా పలుకుతోంది.

"మాట బాగానే ఉండాది పెద్దమ్మా."

"యాడ బాగుండాది? ఆ పిల్ల ఏమంటా ఉండాదో చెప్పు చూద్దాం."

వార్తలు చదివే అమ్మాయి గుక్క తిప్పుకోకుండా చదువుతోంది. నేనూ మనసు పెట్టి విన్నాను. ఒకటీ అరా మాట చేతికి దొరికి, మిగతాదంతా జారిపోయింది. వర్షం అన్నది దొరికింది, అదీ తెరమీద వాన బొమ్మ చూసి. మేం ఎప్పుడూ వాన అనే అంటాం. కింద అక్షరాలు పరిగెడుతున్నాయి. వాటిని చదివి చెప్పమన్నది. అప్పటికి నాకు తెలుగు అక్షరం ఒక్కటి రాదు, మా వాళ్ళల్లో చాలామందికి రాదు. నేను నేర్చుకున్నది యాభై దాటాక.

నేను ఉన్నదే చెప్పాను. "సెట్లో తప్పు లేదు. అది వాళ్ళ తెలుగు, మనది మన తెలుగు. మన ముత్తాతలు ఇటు వచ్చి ఎంత కాలమైనాదో యెవరికీ తెలీదు. అక్కడి మాట అక్కడ పెరిగినాది, మనది అరవంతో కలిసి ఇక్కడ పెరిగినాది. నేను చక్రం ఎటు తిప్పినా మన మాట ఈ పెట్టెలో నుంచి రాదు."

ఇంకా మెత్తగా చెప్పేవాళ్ళు ఉంటారు. నాకు చేతకాదు. ఆమె చాలాసేపు టీవీ వైపే చూసింది. ఆ చూపు నేను చావింట్లో చూశాను, పెద్దాయన్ని ఎత్తుకుపోయిన రోజు.

"అయితే ఏడో నంబరు సెల్వికి ఇచ్చెయ్ రా. దాని పాటలు దానికి పెట్టు."

"ఎందుకని అడిగితే?"

"తెలుగు చెడిపోయినాదని చెప్పు."

"బాగున్నదాన్ని చెడిపోయినాదని నేను చెప్పను."

"మరి నన్నేం చెయ్యమంటావు రా?" ఆమె గొంతు తగ్గించింది. "నవ్వగూడదు. అది దినమూ పక్కన వచ్చి కూసుంటాది. ఏమంటా ఉండారత్తై అని అడుగుతాది. తన బటన్ నాకిచ్చిన పిల్లకి, నాకూ తెలీదు అని ఎట్లా చెప్పేది? అందుకని నేనే కథ కట్టి చెప్తా ఉండా. మన మాటలో ఒకసారి, అరవంలో ఒకసారి."

"సీరియల్ కథా?"

"అన్నీ. వార్తలు కూడా."

"వార్తలు కూడానా!"

"మొన్న యెవరో మంత్రికి మాల వేస్తా ఉండారు. రెండో పెళ్ళని చెప్పేసినా."

నవ్వొద్దన్నా నాకు ఆగలేదు. నవ్వుతూ తలెత్తితే, దగ్గరగా వేసిన తలుపు తీసి సెల్వి నిలబడి ఉంది. చేతిలో ఖాళీ సంచి. రేషన్ షాపు తెరవలేదట. ఎంత విన్నదో, ఎంత అర్థమైందో తెలియదు. నన్నే సూటిగా తమిళంలో అడిగింది.

"అణ్ణా, అత్తైకి ఆ టీవీ తెలుగు తెలియదా?"

"తెలియదమ్మా. నాకూ తెలియదు."

పెద్దమ్మ తలకాయ వంచుకుని చాప అంచు పీకుతోంది. ఆ పిల్ల కోపం తెచ్చుకుంటే తప్పు పట్టడానికి లేదు. తనకి ఇష్టమైనది ఇచ్చేసి, ఇన్నాళ్ళూ అబద్ధం కథలు విన్నది. సంచి పక్కన పడేసి వచ్చి అత్త ఎదురుగా కూర్చుంది.

"అయితే ఆ పచ్చ చీర పిల్ల వాళ్ళమ్మ చచ్చిపోలేదా?"

"నాకేం తెలుసు!"

"తిరుపతిలో తప్పిపోయిన అన్న?"

"అన్నే లేడు. నేనే పెట్టినా."

"వాడి కోసం నేను ఏడ్చినానే!"

"నేను కూడా ఏడ్చినా గదా," అన్నది పెద్దమ్మ తల ఎత్తకుండానే.

సెల్వి నా చేతిలోని పుల్ల వైపు చూసింది. "ఆ చక్రం ముట్టుకోకండణ్ణా. వాడు దొరికినాడా లేదా నాకు తెలియాల."

పెద్దమ్మ అప్పుడు తలెత్తింది. కళ్ళు తుడుచుకుని, ఏమీ జరగనట్టు, "రేపు దొరుకుతాడులే," అన్నది. తర్వాత నాతో అన్నది, "ఇది నా విద్య కాదు రా. మీ పెదనాయనది. ఆదివారం హిందీ కథ వచ్చేది, గుర్తుండాదా?"

నాకు గుర్తుంది. ఆ వీధిలో మొదటి టీవీ వాళ్ళదే. చెక్క తలుపుల నలుపు తెలుపు పెట్టె. ఏరియల్ కట్టింది నేనే. మద్రాసు నుంచి వచ్చేది ఒకటే స్టేషను, ఉన్నదే చూడాలి. ఆదివారం హిందీలో ఏదో వచ్చేది. వీధి మొత్తంలో హిందీ వచ్చినవాడు ఒక్కడు లేడు, పెద్దాయనతో సహా. అయినా ఆయన టీవీ పక్కన స్టూలు వేసుకుని, వీళ్ళు ఇది అంటున్నారు, వాడు ఇట్లా అన్నాడు అని మా తెలుగులో చెప్పుకుంటూ పోయేవాడు. నేను మేడమీద ఏరియల్ పట్టుకుని ఉంటే కింద గొల్లున నవ్వు వినిపించేది. దిగి వచ్చి చూస్తే తెరమీద ఎవరో ఏడుస్తుండేవాళ్ళు. శేఖర్ అప్పుడు చిన్నవాడు. తండ్రికి హిందీ పండితుడంత వచ్చని బడిలో కూడా చెప్పుకునేవాడు.

అప్పటి టీవీ మాకు అర్థం కాలేదు. అర్థం కానందువల్ల పక్కన ఒక మనిషి కావలసి వచ్చింది. ఇప్పటిది ఎవరికి కావలసింది వాళ్ళకి అర్థమయ్యేలా చెబుతుంది, పక్కన మనిషి నోరు తెరిస్తే ఉష్ అంటాం. నాకు ఆ రోజు తట్టింది ఇంతే.

చక్రం ముట్టుకోకుండా లేచాను. గేటు దాకా వచ్చిన సెల్వి, లోపలికి వినబడకుండా చెప్పింది. "మామ పోయినాక అత్తై ఇంతింత మాటలు మాట్లాడింది ఇప్పుడేనణ్ణా. నేను కథ కోసమని అడిగినానా?"

మరుసటి ఏడు మళ్ళీ ఆ ఇంటికి పిలుపు. టీవీలో సౌండ్ రావడం లేదు, మ్యాచ్ ఉంది, వెంటనే రమ్మని శేఖర్ తొందర. వెళితే సెల్వి తలుపు తీసింది.

"రాన్నా, కూసో. యాడికి పోయినావు ఇన్నాళ్ళు, కనబడనే లేదు?"

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. టీవీ తెలుగు కాదది. పెద్దమ్మ తెలుగు, ఆ సాగదీత, ఆ యాడ, అంతా ఆమెదే. తమిళ యాస కొంచెం అంటుకుని ఉంది, అది మా అందరికీ ఉన్నదే.

"సౌండ్ పోయి ఎన్నాళ్ళైనాది?"

"నెల అయినాదేమో."

"నెలా? మరి ఎట్లా చూస్తా ఉండారు?"

"మాకెందుకన్నా సౌండ్? అత్త ఒకటి చెప్తాది, నేనొకటి చెప్తా. ఆయనకే కావాల, క్రికెట్‌కి."

స్పీకరు వైరు ఊడి ఉంది. సీసం కరిగించి టాంకా వేశాను. పనిచేస్తోందో లేదో చూద్దామని ఏడో నంబరు నొక్కాను. గొంతు ఒక్కసారిగా ఇల్లంతా మోగింది.

"ఆపు!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

"కథ నడస్తా ఉండాది, కనబడలేదా రా?" అన్నది పెద్దమ్మ.

సౌండ్ పూర్తిగా తగ్గించాను. తెరమీద ఒక ఆడా మగా చేతులూపుకుంటూ పోట్లాడుకుంటున్నారు. కాదు, ఆవకాయ ఎవరు పెట్టాలని మాట్లాడుకుంటున్నారని సెల్వి అన్నది. వాడి మొహం చూస్తే ఆవకాయ మొహమా అది, అప్పులవాడి మొహమని పెద్దమ్మ అన్నది. నేను స్క్రూలు బిగిస్తూ, వాడు అమ్మాయికి బాబాయి కావచ్చని ఒక మాట వేశాను. ఇద్దరూ నన్ను తిట్టారు, నీకు మొదటి నుంచి కథ తెలీదు ఊరుకోమని.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఈ పని చేశాను. సెట్ బాగాలేదని ఎవరైనా పిలిస్తే వెంటనే వెనక మూత విప్పను. ముందు కూర్చుంటాను. దీన్ని ఎవరు చూస్తారు, చూసేటప్పుడు పక్కన ఎవరుంటారు అని అడుగుతాను. రిపేరుకి వచ్చినవాడివి నీకెందుకయ్యా అని కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.