బావగారు ఎంచిన సైకిల్

మొన్న బాపట్ల నుంచి మా అక్క మనవరాలు ఫోన్ చేసింది. కాలేజీలో చేరిందట. రోజూ ఆటోల కోసం రోడ్డు మీద పడిగాపులు పడలేక సైకిల్ కొనుక్కుందామనుకుంటోందట. "చిన్నమ్మమ్మా, నువ్వు చాలా ఏళ్ళు తొక్కావంటగా, ఎలాంటిది కొంటే బావుంటుంది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా ఫోన్లో వెనక నుంచి ఒక గొంతు వినపడింది. "గేర్లున్నది తీసుకో. మీ అమ్మమ్మకీ, మీ చిన్నమ్మమ్మకీ సైకిళ్ళు కొనిపెట్టింది నేనే. ఇంట్లో నన్ను పెట్టుకుని ఊళ్ళోవాళ్ళని అడుగుతావేంటే?"

ఆ గొంతు మా బావగారిది, అంటే అక్క భర్తది. అక్క పోయి కొన్నేళ్ళయింది. ఆయన కూతురి దగ్గరుంటున్నాడు. చెవి సరిగ్గా వినపడదు, కర్ర లేనిదే గుమ్మం దాటలేడు, కానీ గొంతులో అధికారం మాత్రం ఆవగింజంత కూడా తగ్గలేదు. ముసలివాళ్ళని ఒక మాట అనకూడదంటారు. నేనూ ముసలిదాన్నే కాబట్టి ఆ మర్యాద నాకు అడ్డం కాదు. ఆ పిల్లకి ఫోన్లో చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతాను.

బావగారు బాపట్లలో ఒక ఆఫీసులో గుమాస్తా. తెలియని విషయమంటూ లేని మనిషి. మార్కెట్లో వంకాయ పట్టుకుంటే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాడు. ఎవరింట్లో రేడియో కనపడినా వేలితో టకటకమని తట్టి, "మోసపోయారండి, నాతో ఒక్క మాట అనాల్సింది" అని పెదవి విరిచేవాడు. ఆదివారం చర్చి నుంచి బయటికొస్తూనే పాస్టరుగారి ప్రసంగంలో తప్పులు ఏరేవాడు. ఆయన చేత్తో చేసిన పని ఒక్కటి కూడా నేను చూడలేదు. మేకు కొట్టాలన్నా, ఫ్యూజు వెయ్యాలన్నా పక్కన నిలబడి వేలు చూపించడమే. మా నాన్న పోయాక ఇంట్లో మగదిక్కు లేదు. ఉన్న ఒక్క అల్లుడూ ఈయనే. అందుకని మా అమ్మ దృష్టిలో బైబిల్ వాక్యం తర్వాత వాక్యమంతటిది అల్లుడుగారి మాట. ఆయన తెనాలి వచ్చిన ప్రతిసారీ నాన్న కూర్చునే పడక కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుని, మా అక్క తెచ్చిచ్చిన కాఫీలో డికాక్షన్ ఎక్కువైందని చెబుతూ తాగేవాడు. తాగడం మాత్రం ఎప్పుడూ మానలేదు.

ఎనభైల మధ్యలో నాకు నందివెలుగు అవతల ఒక ఊళ్ళో టీచరుద్యోగం వచ్చింది. ఇంకా పర్మనెంటు కాలేదు. తెనాలి నుంచి దూరం పెద్ద ఎక్కువేమీ కాదు గాని, పొద్దుటి బస్సు తెనాలిలోనే నిండిపోయేది. ఫుట్‌బోర్డు మీద వేలాడే మగవాళ్ళ మధ్య చీర కట్టుకున్న ఆడమనిషికి చోటెక్కడ? రెండో బస్సు ఎప్పుడొస్తుందో డ్రైవరుకే తెలియదు. నేను వెళ్ళేసరికి ప్రార్థన అయిపోయి, పిల్లలు గదుల్లో గోల చేస్తుండేవాళ్ళు. మా హెడ్మాస్టారు గుమ్మంలో నిలబడి గోడ గడియారాన్ని, నన్ను మార్చి మార్చి చూసేవాడు. "ఇలా అయితే నేను పైకి ఏం రాయాలమ్మా?" అన్నాడు ఒకరోజు. ఆయన రాసేదాని మీదే నా ఉద్యోగం ఉంది, ఆ ఉద్యోగం మీదే మా అమ్మా నేనూ ఉన్నాం.

సైకిల్ కొనుక్కుంటే సరిపోతుందని నాకు తోచింది. తొక్కడం నాకు చిన్నప్పుడే వచ్చు, మా అక్క నేర్పింది. నాన్న సైకిల్ కడ్డీ కింద నుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కుతూ, పరికిణీ ఎగ్గట్టుకుని తెనాలి వీధులన్నీ తిరిగిన పిల్ల మా అక్క. పెళ్ళయ్యాక బావగారు "మా ఇంటి ఆడవాళ్ళు సైకిళ్ళెక్కరు" అన్నాడు. అంతటితో ఆ కథ ముగిసింది. నాకు మాత్రం ఆయన మినహాయింపు ఇచ్చాడు. ఉద్యోగం చేసేదాన్ని కదా, పైగా ఆ సైకిల్ ఎంచే అవకాశం ఆయనకి దక్కింది కదా.

బజారులో ఒక సాయిబుగారి సైకిల్ షాపులో నేను ముందే ఒకటి చూసి పెట్టుకున్నాను. నల్ల రంగు లేడీస్ సైకిల్. చైనుకి నిండుగా రేకు కవరు, చీర చిక్కుకోకుండా వెనక చక్రానికి వల, గట్టి క్యారియర్, బెల్లు. అంతకు మించి అందులో ఏమీ లేదు. నాకు అంతకు మించి అక్కర్లేదు కూడా. కానీ "అల్లుడుగారు చూడకుండా ఎలాగే?" అని అమ్మ పట్టుబట్టింది. ఆయన శనివారం వచ్చాడు. షాపులో ఆ సైకిల్ చుట్టూ ప్రదక్షిణం చేశాడు, పెడల్‌ని బూటుతో తన్నాడు, బెల్లు మోగించి చెవి వంచి విన్నాడు. దొంగని పట్టుకున్న ఇన్‌స్పెక్టరులా సాయిబుగారిని ప్రశ్నలడిగాడు. చివరికి, "ఇది పాలవాళ్ళు తొక్కే సైకిలండి. టీచరు తొక్కేది కాదు" అని తీర్పు చెప్పి మమ్మల్ని బయటికి నడిపించాడు. సాయిబుగారు నాకేసి చూడనైనా చూడలేదు. ఆయన లెక్కలో కూడా కొనేది మగవాళ్ళే.

తర్వాత కొద్దిరోజులకి బాపట్ల నుంచి రైల్లో ఒక సైకిల్ దిగింది. నేను దాచుకున్న డబ్బంతా దానికే పోయింది. "ఫారిన్‌ది. ఓడలో వచ్చింది. ఇలాంటిది మన జిల్లాలోనే లేదు" అన్నాడు బావగారు. ఆ ఆఖరి మాట నిజమే, దాని టైరు మాకు జిల్లాలో ఎక్కడా దొరకలేదు. మనిషి ఎత్తున ఉండేది. హేండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉండేది, పట్టుకుంటే నడుం విల్లులా వంచాల్సిందే. చైను కవరు లేదు, మడ్‌గార్డులు లేవు, క్యారియర్ అసలే లేదు. పిల్లల నోటు పుస్తకాలు ఎక్కడ పెట్టుకోవాలని అడిగితే, "వీపుకి సంచీ తగిలించుకో, విదేశాల్లో అంతే" అన్నాడు. ఆయన విదేశం రేపల్లె దాకానే. గేర్లున్నాయని మాత్రం వీధిలో అందరికీ చూపించాడు. ఆ గేర్లు ఎక్కడం వాటి ఇష్టం, దిగడం వాటి ఇష్టం.

వీలైనంతకాలం తొక్కాను. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా ఎత్తి దోపుకుని, నడుం వంచి, కాలవ కట్ట మీద నేను పోతుంటే పొలాల్లో నాట్లు వేసే ఆడవాళ్ళు పని ఆపి చూసేవాళ్ళు. వాన కురిసిందంటే వెనక చక్రం నుంచి బురద నా వీపంతా చిమ్మేది. ఒకరోజు కట్ట దిగే చోట చైను ఊడి, పళ్ళచక్రంలో చీర అంచు ఇరుక్కుని పడిపోయాను. మోచెయ్యి కొట్టుకుపోయింది. అంచు చించుకుని, సైకిల్‌ని నడిపించుకుంటూ, నల్లటి గ్రీజు చేతులతో బడికి చేరాను. ఆ రోజే తనిఖీకి పైనుంచి ఎవరో వచ్చారు. హెడ్మాస్టారు వాళ్ళ ముందే, పిల్లల ముందే, "బడికొచ్చారా టీచరుగారూ, మెకానిక్ షెడ్డుకి పోతున్నారా?" అన్నాడు. పిల్లలు నవ్వారు. ఆ సాయంత్రం నా చేతికి మెమో వచ్చింది. మళ్ళీ ఆలస్యమైతే పర్మనెంటు సంగతి మర్చిపోవచ్చని దాని సారం.

ఆ ఆదివారం అక్కా బావగారూ తెనాలి వచ్చారు. భోజనాలయ్యాక అమ్మ భయపడుతూనే మెమో సంగతి కదిపింది. ఆయన పడక కుర్చీలో వెనక్కి వాలి, పళ్ళు కుట్టుకుంటూ, "సైకిల్లో లోపమేం లేదండి. తొక్కేవాళ్ళకి చేతకాకపోతే సైకిలేం చేస్తుంది? ఈ ఆడవాళ్ళకి బ్యాలెన్సుండదు" అన్నాడు.

నా మోచేతికి ఇంకా కట్టు ఉంది. "అయితే బావగారూ, మీరొకసారి ఎక్కి చూపించండి. చూసి నేర్చుకుంటాను" అన్నాను.

"తిన్న వెంటనే తొక్కకూడదమ్మా."

"ఫర్వాలేదండి. అరిగేదాకా కూర్చుంటాం."

కూర్చున్నాం. అరిగింది. ఇస్త్రీ ప్యాంటన్నాడు, అమ్మ లోపలికెళ్ళి నాన్న పంచె తెచ్చిచ్చింది. అమ్మ అమాయకంగానే తెచ్చిందో కాదో నాకీరోజుకీ తెలియదు. తప్పక వీధిలోకొచ్చాడు. ఎదురింటివాళ్ళు అరుగు మీద చేరారు. ఆయన హేండిల్ పట్టుకుని వీధి చివరిదాకా సైకిల్‌ని నడిపించాడు, మళ్ళీ వెనక్కి నడిపించాడు. సీటు నొక్కాడు. గాలి చూశాడు. ఒక కాలు పెడల్ మీద పెట్టాడు, తీశాడు, రెండో కాలు పెట్టాడు. అప్పుడు నాకు వెలిగింది. ఈ మనిషికి సైకిల్ తొక్కడం రాదు. పుట్టి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎక్కలేదు. అరుగు మీదివాళ్ళకీ వెలిగినట్టుంది, ఎవరో కిసుక్కున నవ్వారు.

"దీనికి కాస్త నూనె పడాలి" అన్నాడు బావగారు, చెమట తుడుచుకుంటూ.

అంట్లు తోముతున్న అక్క చేతులు కొంగుకి తుడుచుకుంటూ బయటికొచ్చింది. కుచ్చెళ్ళు ఎత్తి బొడ్లో దోపింది, ఆయన చేతుల్లోంచి హేండిల్ తీసుకుంది, కాస్త పరుగు తీసి ఎక్కి కూర్చుంది. పెళ్ళయ్యాక సైకిల్ ముట్టని మనిషి. మొదట్లో కొంచెం ఊగింది, అంతే. ఆ తర్వాత ఆ దిక్కుమాలిన సైకిల్ ఆమె మాట వింది. వీధి చివర తిరిగి కనపడకుండా పోయింది. మేం వెనక్కొస్తుందని చూశాం. రాలేదు. బావగారు గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతూ, "ఎటు పోయిందండి ఇది? పరువు తీస్తోంది" అంటూ గొణిగాడు. చాలాసేపటికి అక్క సైకిల్‌ని నడిపించుకుంటూ వచ్చింది. చైను ఊడి వేలాడుతోంది. చేతులు నా చేతుల్లాగే నల్లగా అయ్యాయి. మొహం మాత్రం పెళ్ళికి ముందటి మొహం.

సైకిల్‌ని ఆయన ముందు గోడకి ఆనించి అంది: "దీన్ని మీ ఆఫీసరుగారింటికే పంపించెయ్యండి. వాళ్ళబ్బాయి పారేసింది మా చెల్లికెందుకు? ఆయన దగ్గర మంచి అనిపించుకోవాలంటే మీ జీతం పెట్టి కొనుక్కోండి."

ఓడ, విదేశం అన్నీ అబద్ధం. ప్రమోషన్ కోసం ఆఫీసరు ఇంట్లో మూలపడ్డ చెత్తని నా డబ్బుతో వదిలించి పెట్టాడన్నమాట. పెద్ద మోసగాడైతే నాకు కొంత గౌరవమైనా ఉండేది. మోసంలో కూడా గుమాస్తాయే.

ఆ సాయంత్రం ఆయన ఒక్కడే బాపట్ల వెళ్ళాడు. సైకిల్‌ని రైలు వెనకుండే సామాన్ల బ్రేకు వ్యానులో వేశాడు. బాపట్లలో దిగాక ఇంటిదాకా దాన్ని తోసుకుంటూ వెళ్ళి ఉంటాడు. తొక్కడం రాదుగా. నా డబ్బు మాత్రం తర్వాత మనియార్డరుగా వచ్చింది. అక్క తెనాలిలోనే కూర్చుని రప్పించింది. అది అందిన మర్నాడు పొద్దున్నే అక్కా నేనూ సాయిబుగారి షాపుకెళ్ళాం. "మగవాళ్ళెవరూ రాలేదా అమ్మా?" అన్నాడాయన. "వచ్చినప్పుడు కొనలేదుగా, ఇప్పుడు కొంటాం" అంది అక్క. నల్ల సైకిల్ ఇంకా అక్కడే ఉంది. దాని మీదే నేను బడికి వెళ్ళాను, పర్మనెంటయ్యాను, బదిలీలయ్యాను. టైర్లు మారాయి, సీటు మారింది. సైకిల్ మారలేదు. గేర్లు లేని లోటు నాకు ఎప్పుడూ తెలియలేదు.

అక్క మాత్రం బాపట్ల వెళ్ళిపోయింది. ఆ వీధిలో తొక్కిన తొక్కుడు అక్కడితో ఆగిపోయింది. బావగారికి ప్రమోషన్ అందరితోపాటు వరసలోనే వచ్చింది. దాంతోపాటు రేపల్లె బదిలీ కూడా వచ్చింది. అప్పటికి తొంభైలు సగం గడిచాయి. అక్కడ ఇల్లు మార్కెట్టుకి దూరం. అక్క ఎవరినీ అడగకుండా, జాకెట్లు కుట్టి కూడబెట్టుకున్నదాంతో నాలాంటి నల్ల సైకిలే కొనుక్కుంది. ఆయన కొన్నాళ్ళు ఆమెతో మాట్లాడలేదట. "ఆ రోజులు ఎంత హాయిగా ఉన్నాయో" అనేది అక్క. ఆ తర్వాత ఊళ్ళో పదిమందీ మెచ్చుకునేసరికి, "నేనే కొనిపెట్టానండి, ఈ కాలంలో ఆడవాళ్ళకి సైకిల్ తప్పనిసరి" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ అబద్ధాన్ని ఇప్పటికీ నమ్ముకుని బతుకుతున్నాడు.

ఒకసారి నేను రేపల్లె వెళితే అక్క స్టేషనుకి సైకిల్ మీదే వచ్చింది. జుట్టు సగం నెరిసింది. "ఎక్కవే" అని క్యారియర్ చూపించింది. వద్దన్నా వినలేదు. నన్ను వెనక కూర్చోబెట్టుకుని, సంచీ ముందు హేండిల్‌కి తగిలించి, ఆయాసపడుతూ తొక్కింది. దారిలో వెనక్కి తిరగకుండానే, "ఇన్నేళ్ళు ఎందుకు ఊరుకున్నానే?" అంది. నేను ఆమె వీపుకి తల ఆనించుకుని కూర్చున్నాను. ఏళ్ళు గడిస్తే నా కోపం తగ్గుతుందని అప్పట్లో అనుకున్నాను. తగ్గలేదు. కాలం అక్క తొక్కకుండా వదిలేసిన ఏళ్ళని తీసుకుపోయింది, తర్వాత అక్కనీ తీసుకుపోయింది, ఆ ఏళ్ళని మింగిన మనిషికి మాత్రం నిండు ఆయుష్షు ఇచ్చి కూర్చోబెట్టింది.