మూడో పూట పాలు

మా బాపు పాల వ్యాపారి. పురానాపూల్ దగ్గర కొట్టంలో ఎనిమిది బర్రెలుండేవి. బర్రెను కొనడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అమ్మేవాడి కొట్టంలోనే వరసగా మూడు పూటలు పాలు పితికించి చూడనిదే పైసా చేతిలో పెట్టం. ముందు పూట పితక్కుండా వదిలేసి, నిండు పొదుగు చూపించి అంటగట్టే ఘనులుంటారు మరి.

నేను బీకాం చదువుతానన్న ఏడు కాలేజీ ఫీజు బాగా పెంచారు. "డిగ్రీలు చేసినోళ్లు పత్తర్‌గట్టి దుకాన్లల్ల బట్టలు మడతపెడ్తున్రు" అని మా చిన్నాయన లొల్లి పెట్టాడు. బాపు అవుననలేదు, కాదనలేదు. "మూడు పూటలు చూద్దాం" అన్నాడు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఆ ఆడపిల్లల కాలేజీ గేటు ఎదుట చాయ్ బండి దగ్గర కూర్చున్నాడు. బయటికొచ్చే ప్రతి పిల్లనూ ఆపి, "ఇయ్యాల ఏం చెప్పిన్రు బిడ్డా?" అని అడగడం. సిగ్గుతో చచ్చిపోయాను. "సార్ రాలే అంకుల్" అని ఒకమ్మాయి నవ్వుకుంటూ పోయింది. మిగతావాళ్లు అదీ చెప్పలేదు. ఇక నా చదువు అయిపోయినట్టేనని ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

రెండో రోజు ఒకమ్మాయి ఆగింది. సరుకు తయారీకి ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టడం చెప్పారంది.

"గట్లయితే నా లీటరు పాలు నాకెంతకు పడ్తున్నయో చెప్పు."

బాపు జేబులో ఉండే పాల లెక్కల పుస్తకంలోనే ఆ అమ్మాయి గడ్డి, దాణా, కొట్టం కిరాయి అన్నీ రాసి, "మరి మీ కూలి ఎంత అంకుల్?" అని అడిగింది. బాపు చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. ఏళ్ల తరబడి చీకటితో లేచి పాలు పితికిన మనిషి తన కష్టానికి ఎన్నడూ ధర కట్టుకోలేదు.

మూడో రోజే ఫీజుకు ఆఖరు తేదీ. పొద్దున్నే వరుసలో మొదట నిలబడి కట్టేశాడు. రెండు పూటలకే పైసలివ్వడం ఆయన జీవితంలో అదొక్కసారే. షేర్ ఆటోలో శాలిబండలోని మా ఇంటికి వస్తూ, "ఒక్క పూట బాకీ ఉన్నది బిడ్డా" అన్నాడు.

ఇప్పుడు నేను అదే కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఫీజు నా రోజులకు మూడింతలైంది. "ఇన్ని పైసలు పోసి చదివించుడు అవసరమా మేడం?" అని తల్లిదండ్రులు అడుగుతారు. అవసరమేనంటాను, తడుముకోకుండా. ముందు గేటు దగ్గర మూడు రోజులు కూర్చుని చూసి మరీ కట్టమంటాను. ఆ రెండో మాట మా ప్రిన్సిపాల్‌కు నచ్చదు. నచ్చకపోతే పోనీ.

పోయిన వారం క్లాసు ముగించి వస్తుంటే చాయ్ బండి దగ్గర బాపు కనిపించాడు. నా దగ్గర చదివే పిల్ల ఒకతి ఆయన పాల పుస్తకంలో ఏదో రాసి చూపిస్తోంది. నా పరీక్షలప్పుడు కూడా అంత భయపడలేదు. ఆ పిల్ల వెళ్లేదాకా గేటు లోపలే నిలబడ్డాను.

"ఏంది బాపూ, గిట్లొచ్చినవ్?"

"మూడో పూట చూద్దామని వచ్చిన." పుస్తకం జేబులో పెట్టుకున్నాడు. "ఫికర్ చెయ్యకు. నీ కూలెంత తాతా అని ఈ పిల్ల గూడ అడిగింది."